విభాగమునకు సమ్మతి యెవరిది?

అన్నదమ్ములు కలసి కాపురము చేయవలెనన్నచో అందఱి మనస్సులును కలియవలెను. వేఱుపడుటకు ఒక్కని మనస్సు విఱిగినను చాలును. ఈ సంగతి మన పల్లెలలో అక్షరజ్ఞానము లేనివారును ఎఱిగినదే. కాని అన్నదమ్ముల స్థానమున రాష్ట్రములును ప్రాంతములును వచ్చి నిలిచినప్పుడు ఇంత తేటయైన విషయమును కలక బాఱును. కలసియున్న రాష్ట్రమునుండి ఒక భాగము వేఱు కాదలచినచో ఎవరి సమ్మతి కావలెను? పోదుమనువారిదా, పోవలదనువారిదా, ఉభయులదా, లేక ఉభయులకును పైనున్న పార్లమెంటుదా? ఈ ప్రశ్నకు సమాధానము కుదురకయే మన తెలుగుదేశము ఒకటికంటె నెక్కువ పర్యాయములు ప్రాణములను బలియిచ్చినది. 1952లో మదరాసునుండి వేఱుపడుటకును, 1969 మొదలు 2014 వఱకు ఆంధ్రప్రదేశమునుండి వేఱుపడుటకును మనవారు పడిన పాటులు చదువరులకు విదితములే. ఉద్వేగము తగ్గిన పిమ్మటగాని ధర్మవిచారము సాగదు. కావున నేడు ఈ విషయమును శాంతముగ పరిశీలింపవచ్చునని మా తలంపు.

ఈ ప్రశ్నను గూర్చి వరంగల్లు సీమలో న్యాయవాదులును, అధ్యాపకులును, విద్యార్థులును కలసికొనుచోట్ల నేటికిని ప్రసంగములు సాగుచునే యున్నవి. అవి సభలు కావు. వానికి అధ్యక్షుడు లేడు, తీర్మానము లేదు. ఒకరు అమెరికా రాజ్యాంగమును ఉదాహరింతురు. వేఱొకరు స్విట్జర్లండును చూపుదురు. ఇంకొకరు ‘ఇవియెల్ల మనకేల, మన మితాక్షర చాలదా?’ యందురు. ఇట్టి గోష్ఠులను వ్యర్థకాలక్షేపమని త్రోసివేయువారు కలరు. మేమట్లు తలంపము. న్యాయస్థానమున వాదించువాడు తన కక్షిదారు గెలుపునకును, శాసనసభలో మాటలాడువాడు తన పక్షపు గెలుపునకును పరదేశముల దృష్టాంతములను తెచ్చును. గెలుపోటములు లేనిచోటనే దృష్టాంతమును పూర్తిగ చూచుటకు వీలు కలుగును. అయితే అచ్చటను ఒక దోషము ప్రవేశించుచున్నది. అంగడిలో కాయలేఱినట్లు తనకు నచ్చిన దేశమునుండి తనకు నచ్చిన వాక్యము నేఱి తెచ్చి అదియే లోకధర్మమనుట ఆ దోషము. పరదేశపు నియమమును చూచునప్పుడు ఆ నియమమును మాత్రమే కాక, అది ఆ దేశమున ఏమి చేసినదో కూడ చూడవలెను. అట్లు చూతము.

ముందుగ మన రాజ్యాంగము చెప్పునదేమి? దాని మూడవ అధికరణము ప్రకారము పార్లమెంటు సామాన్యమైన చట్టముచేతనే క్రొత్త రాష్ట్రమును నిర్మింపవచ్చును, ఉన్న రాష్ట్రమును చీల్పవచ్చును, రెంటిని కలుపవచ్చును, ఎల్లలను, పేరును మార్పవచ్చును. బిల్లును రాష్ట్రపతి సిఫారసు మీదనే ప్రవేశపెట్టవలెను. అందుకు ముందుగ, ఎల్లలు మారు రాష్ట్రముయొక్క శాసనసభకు బిల్లును పంపి అభిప్రాయము కోరవలెను. ఆ అభిప్రాయము తెలుపుటకు గడువు నియమించు పద్ధతిని 1955లో జరిగిన అయిదవ సవరణ తెచ్చినది. ఇంతమాత్రమే. అభిప్రాయము కోరవలెనే కాని సమ్మతి పొందవలెనను నిర్బంధము లేదు. సభ కాదన్నను పార్లమెంటు ముందునకు సాగవచ్చును. సభకు పంపిన బిల్లు పిమ్మట పార్లమెంటులో సవరింపబడినను మఱల సభకు పంపనక్కఱలేదని బాబూలాల్ పరాతే వ్యాజ్యెమున సుప్రీముకోర్టు నిర్ణయించినది.

ఇంతటి అధికారమును కేంద్రమునకు ఇచ్చుట మన రాజ్యాంగకర్తల మఱపువలన జరిగినది కాదు. 1948 నవంబరులో రాజ్యాంగసభయందు ఈ విషయము చర్చకు వచ్చినప్పుడు ఆచార్య కె. టి. షా మహాశయుడు, ఇట్టి ప్రతిపాదన సంబంధిత రాష్ట్ర శాసనసభలోనే పుట్టవలెనని సవరణ నొకదానిని తెచ్చెను. వినుటకది ప్రజాస్వామికముగనే యున్నది. దానికి కె. సంతానముగారు చెప్పిన ప్రత్యుత్తరము మనకు మిక్కిలి ముఖ్యము. ఏ రాష్ట్రమునందైనను వేఱుపడగోరు భాగము సాధారణముగ అల్పసంఖ్యాకము; శాసనసభలో అధికసంఖ్యాకులు కాదన్నచో ఆ కోరిక అంతటితో సమాధియగునని ఆయన వాదించెను. అందుకు ఆయన చూపిన ఉదాహరణమేది? మదరాసు రాష్ట్రమునందలి ఆంధ్రులు! ఆంధ్రులు తీర్మానము తెత్తురు, మదరాసు సభలో అది ఓడిపోవును, విషయము ముగియును. ఇట్లు కాగూడదని ఆయన వాదము. షాగారి సవరణ నెగ్గలేదు.

తెలుగువారిలో ఏ ప్రాంతమువారైనను ఈ సంగతి నొక్క నిమిషము మనసున నిలుపదగును. ఆంధ్రులకు మదరాసు శాసనసభ సంకెల కాగూడదని యుంచిన వాకిలిగుండనే 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము బయటికి వచ్చినది. ఆ వాకిలిగుండనే 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము బయటికి వచ్చినది. ఒకప్పుడు న్యాయమనిపించిన నియమము మఱియొకప్పుడు అన్యాయమనిపించినచో, మాఱినది నియమము కాదు, మన స్థానము. ధర్మవిచారమునకు మొదటి మెట్టు దీనిని ఒప్పుకొనుటయే.

ఇప్పుడు పరదేశములకు పోదము. 1787లో రచింపబడిన అమెరికా రాజ్యాంగము మన మార్గమునకు సరిగా ఎదురు మార్గమును పట్టినది. ఒక రాష్ట్రపు ఎల్లలలోపల మఱియొక రాష్ట్రము నిర్మింపవలెనన్నచో కాంగ్రెసు సమ్మతితోబాటు ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతియు కావలెను. వర్జీనియా ఒప్పుకొనగా 1792లో కెంటకియు, మసాచుసెట్సు ఒప్పుకొనగా 1820లో మెయిను నిట్లే వెలసినవి. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని అంతర్యుద్ధము వచ్చినప్పుడు వర్జీనియా దేశమునే విడిచిపోయినది. దాని పడమటి కొండసీమలవారు వర్జీనియాను విడువదలచిరి. సమ్మతి నెవరిత్తురు? పడమటివారే ఒక ప్రభుత్వమును నిలిపి, అసలైన వర్జీనియా ప్రభుత్వము తామేయని చెప్పుకొని, తమ విభాగమునకు తామే సమ్మతి నిచ్చుకొనిరి! 1863లో పడమటి వర్జీనియా రాష్ట్రమైనది. నియమము అక్షరమున నిలిచినది, అర్థమున ఎగిరిపోయినది. కఠినమైన నియమము కాలము కలిసిరానప్పుడు మిథ్యకు తల్లి యగునని ఈ కథ బోధించుచున్నది.

ఆస్ట్రేలియా రాజ్యాంగపు 124వ విధియు అమెరికా మార్గమునదే. రాష్ట్ర పార్లమెంటు సమ్మతి లేక విభాగము లేదు. న్యూ సౌత్ వేల్సు ఉత్తరభాగమున న్యూ ఇంగ్లండను సీమవారు వేఱు రాష్ట్రము కావలెనని చిరకాలము కోరగా 1967లో అచ్చట ప్రజలను ఓటడిగిరి. కాని ఓటడిగిన ఎల్లలోపల న్యూకాసిల్ అను పెద్ద పారిశ్రామిక నగరమును చేర్చిరి. ఆ నగరమువారు వలదనిరి, ప్రతిపాదన ఓడిపోయినది. ఇందువలన తెలియునదేమి? ప్రజల సమ్మతి కోరుట యనునంత మాత్రముచేత న్యాయము సిద్ధింపదు. ఏ ప్రజల సమ్మతి? ఏ ఎల్లలోపల లెక్కించిన సమ్మతి? గీత గీయువాడు కొన్నిచోట్ల ఫలమును కూడ గీయును.

స్విట్జర్లండువారు ఈ చిక్కును విప్పుటకు విశేషమైన ఓర్పును చూపిరి. 1815లో బెర్ను కాంటనునకు చేర్చబడిన జ్యూరా సీమలో ఫ్రెంచి భాష మాటలాడు ప్రజలు వేఱు కాంటనును కోరిరి. 1970లో బెర్ను ఓటర్లే తమ కాంటను రాజ్యాంగమున జ్యూరావారికి స్వనిర్ణయపు హక్కును చేర్చిరి. 1974 జూన్‌లో జ్యూరా అంతటను ఓటడిగిరి. కొద్ది అధిక్యముతో వేఱుపడుటకే మొగ్గినది. కాని దక్షిణపు జిల్లాలు వలదనినవి. అప్పుడు వానిని మఱల అడిగిరి; అవి బెర్నులోనే నిలుతుమనినవి. ఎల్లమీది గ్రామములను ఒక్కొక్కటిగ అడిగిరి. 1978లో దేశమంతటిని అడిగిరి, దేశము అవుననినది. 1979 జనవరి 1న క్రొత్త కాంటను పుట్టినది. మూటియే అను చిన్నపట్టణమొకటి తాను జ్యూరాకు పోదునని 2021లో ఓటు వేసినది. తొలి యోటునుండి లెక్కించినచో నలువదియేడు ఏండ్లు! ఇంత నెమ్మది మనకు సాధ్యమాయని నవ్వువారు కలరు. కాని అచ్చట కలహము పూర్తిగ లేకపోలేదు గాని ప్రజలను అడుగుటయే పద్ధతిగ నిలిచినది.

మాకు అన్నిటికంటె ఆలోచనీయముగ తోచిన కథ జర్మనీలోని బేడెనుది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ సీమను ఫ్రెంచివారును అమెరికనులును పంచుకొని ఏలిరి. 1951 డిసెంబరులో బేడెను, వుర్టెంబర్గు సీమలను కలిపి ఒకే రాష్ట్రము చేయుటపై ఓటు జరిగినది. ఆ సీమలను నాలుగు భాగములు చేసి లెక్కింపగా మూడు భాగములు అవుననినవి, కలయిక నెగ్గినది. కాని పాత బేడెను నంతటిని ఒక్కటిగ లెక్కించినచో అధికసంఖ్యాకులు వలదన్నవారే. 1952లో క్రొత్త రాష్ట్రము వెలసినది; బేడెనువారికి మనసులో ముల్లు మిగిలినది. వారి ఫిర్యాదు రాజ్యాంగ న్యాయస్థానమునకు పోగా, ఆ ప్రజలను మఱల అడుగవలసియున్నదని 1956లో తీర్పు వచ్చినది. ప్రభుత్వములు జాగు చేసి చేసి, తుదకు 1970లో పాత బేడెను ప్రజలనే అడిగిరి. నూటికి సుమారు ఎనుబదిరెండుగురు కలసియే యుందుమనిరి. నాటినుండి ఆ తగవు అడుగంటినది.

ఈ కథను చదివిన తెలుగువాని మనసు 1955వ సంవత్సరమునకు పోకుండునా? ఆ సంవత్సరము సెప్టెంబరులో ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కరు మహాశయులు సభ్యులుగనున్న రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘము తన నివేదిక నిచ్చినది. తెలంగాణమును హైదరాబాదు రాష్ట్రమను పేర వేఱుగ నుంచి, 1961 ప్రాంతమున రావలసిన ఎన్నికల పిమ్మట ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో కోరినచో ఆంధ్రముతో కలుపవచ్చునని ఆ సంఘము సూచించెను. అనగా ముందు వేచియుండుట, పిమ్మట అడుగుట, పిమ్మట కలియుట. ఆ సూచన పాటింపబడలేదు. హైదరాబాదు శాసనసభలో నాడు అభిప్రాయము తెలిపినవారిలో అధికసంఖ్యాకులు విలీనమునకు అనుకూలురే యను మాట సత్యమే. కాని వేచియుండి అడుగుటను మానుకొని తొందరపడి కలుపుట జరిగెను. అడుగుటకు బదులు ఒడంబడిక వచ్చినది: 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు పెద్దమనుష్యుల ఒప్పందమున సంతకములు చేసిరి. తెలంగాణపు మిగులు ఆదాయము, ఉద్యోగములందు స్థానికుల రక్షణ, ప్రాంతీయ మండలి మున్నగు వానిని గూర్చి అందులో వాగ్దానములున్నవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించినది.

వాగ్దానములు ఎట్లు గడచినవో 1969వ సంవత్సరము చెప్పినది. ఆ యేడే స్థానికుల ఉద్యోగరక్షణకై 1957లో చేయబడిన చట్టపు విధి చెల్లదని సుప్రీముకోర్టు చెప్పినది. 1972లో ముల్కీ నియమములు చెల్లునని తిరిగి చెప్పినది. అందువలన కోస్తా, రాయలసీమలలో ‘జై ఆంధ్ర’ ఉద్యమము లేచినది. 1973లో ఆరుసూత్రముల పథకమును, దాని వెంట రాజ్యాంగమున 371-డి అధికరణమును వచ్చినవి. ఇన్ని అతుకులు వేసిరి గాని, 1955లో తలపెట్టి విడిచిన ఆ యొక్క పని, ప్రజల నడుగుట, చేయలేదు. అడిగినచో తెలంగాణమువారు బేడెనువారివలె కలసియే యుందుమనెడివారని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పుట సాహసము. బేడెను కథ నేర్పునది వేఱు. అడుగబడినవాడు తన యిష్టముచేత కలసియుండును గాని, అడుగబడనివాడు సుఖముగ నున్నను బంధింపబడినట్లే తలంచును. కలయికకు కాలము బలము నీయదు. సమ్మతియే బలము నిచ్చును.

ఇక విభాగపు దినములకు వత్తము. 2013 డిసెంబరులో బిల్లు ఆంధ్రప్రదేశ శాసనసభకు వచ్చినది. 2014 జనవరి 30న సభ దానిని మూజువాణి ఓటుతో తిరస్కరించినది. ఫిబ్రవరి 18న లోక్‌సభయు, 20న రాజ్యసభయు ఆమోదించినవి. లోక్‌సభలో బిల్లు నెగ్గిన సమయమున దూరదర్శన ప్రసారము నిలిచిపోయినది. అంతకుముందు అయిదు దినములకు అదే సభలో మిరియపుపొడి చల్లబడినది. తెలంగాణము వేఱుపడుట న్యాయమే యనుకొనువారును ఆ విధానమును చూచి గర్వింపజాలరు. న్యాయమైన పనిని సభ్యమైన రీతిని చేయుట కూడ న్యాయములోని భాగమే. కోస్తా, రాయలసీమల ప్రజలకు మిగిలిన బాధలో సగము విభాగమువలన కలిగినది కాదు, వినబడకపోవుటవలన కలిగినది.

ఇందుకు మన యింటి ధర్మశాస్త్రమేమి చెప్పునో చూతము. పరదేశ రాజ్యాంగములను గూర్చిన గోష్ఠిలో మితాక్షరను తెచ్చిన వృద్ధులు తెలివితక్కువవారు కారు. తిక్కన కాలపు కేతనకవి విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించిన ఆ శాస్త్రము శతాబ్దములు మన యిండ్ల పంపకములను నడపినది. ఉమ్మడి కుటుంబమున పాలివాడు తాను వేఱుపడుదునని నిశ్చయించినచో తక్కినవారి సమ్మతి అవసరము లేదని దాని నాశ్రయించిన న్యాయస్థానములు తీర్చినవి. అయితే ఆ నిశ్చయము తనలోన నుంచుకొన్నచో చెల్లదు. తక్కిన పాలివారికి ఎఱిగింపవలెనని 1963లో అడ్డగడ రాఘవమ్మ, అడ్డగడ చెంచమ్మల వ్యాజ్యెమున సుప్రీముకోర్టు పక్షమున తీర్పు చెప్పినవారు తెలుగువారైన కోకా సుబ్బారావుగారే. వేఱుపడుట ఒకరి యిష్టము. తెలుపుట ఒకరి విధి. పంచుకొనుట ఇరువురకును ఒక్కటే కొలత. సమ్మతి లేకున్నను విభాగము కలుగును గాని, లెక్క లేకున్న విభాగము తీరదు.

ఇదే కొలతను రాష్ట్రమునకు చాచి చూచినచో మాకు మూడు మాటలు తోచుచున్నవి. కలయుటకు ఇరువురి సమ్మతియు కావలెను. ఏలయన కలయిక ఒక వాగ్దానము, వాగ్దానమును ఒకరి తరఫున వేఱొకరు చేయజాలరు. విడుటకు విడిపోవు భాగముయొక్క స్థిరమైన నిశ్చయము చాలును; ఏలయన అధికసంఖ్యాకుల సమ్మతిని షరతు చేసినచో కలయిక కారాగారమగును. పంపకమునకు మాత్రము ఇరువురి యెడలను న్యాయమును, ఇరువురి మాటలను వినుటయును కావలెను. ఏలయన విడిపోవు హక్కు ఉమ్మడి సొత్తును ఒకరే అనుభవించు హక్కు కాదు. కెనడాలో క్విబెకును గూర్చి 1998లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఇట్టి మాటనే చెప్పినది. అది దేశమునే విడుచుటను గూర్చిన ప్రశ్న కావున మన విషయముతో సరిపోల్చరాదు. అయినను, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన ఆధిక్యము వచ్చినచో అది తక్కినవారిమీద సంప్రతింపుల విధిని మోపునని ఆ కోర్టు చెప్పిన ధర్మము ఎచ్చటనైనను ధర్మమే.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఇట్లైనచో ప్రతి తాలూకాయు వేఱు రాష్ట్రము కోరదా యని ఒక ఆక్షేపణ. ఒక్క యెన్నికలో లేచి మఱుయెన్నికలో అణగు కోరికను మేము నిశ్చయమనుట లేదు. తరములు మాఱినను నిలిచినది, పలుమాఱు ప్రకటింపబడినది, తన్ను తాను పోషించుకొనగల భాగమునుండి వచ్చినది మాత్రమే నిశ్చయము. హైదరాబాదు నగరమును అందఱు కలసి కట్టుకొనలేదా యని రెండవ ఆక్షేపణ. కట్టుకొనినమాట నిజము. అది పంపకమునకు కారణమగును గాని ఆపుటకు కారణము కాదు. పది సంవత్సరములు ఉమ్మడి రాజధానిగ నుంచుట ఆ న్యాయమునకే. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసినది. ముగిసిన నాటికిని తొమ్మిదవ, పదవ షెడ్యూళ్ల సంస్థల ఆస్తుల లెక్క పూర్తిగ తేలలేదనుట ఇరురాష్ట్రములకును శోభ కాదు.

మూడవ ఆక్షేపణ గట్టిది. అడుగకయే చీల్చు అధికారము పార్లమెంటునకుండుట మేలైనచో, ఎవరును కోరని చీలికను కూడ అది చేయవచ్చును గదా? అవును, చేయవచ్చును. 2019 ఆగష్టులో జమ్మూ కాశ్మీరు రాష్ట్రము రెండు కేంద్రపాలిత ప్రాంతములు చేయబడినప్పుడు రాష్ట్రపతి పాలన యుండెను. అభిప్రాయము చెప్పుటకు శాసనసభయే లేకుండెను. ఆంధ్రులను, తెలంగాణీయులను విడిపించిన తాళపుచెవియే ఇంకొకరి తలుపు మూయుటకును పనికివచ్చును. కావున మేము మూడవ అధికరణమును పూజింపుమనుట లేదు. ఆపుటకు శాసనసభకు హక్కు లేకుండుట న్యాయము. అడుగుటకు పార్లమెంటునకు విధి లేకుండుట న్యాయము కాదు. వేఱుపడు భాగపు ప్రజలనే నేరుగ అడుగు నియమము మన రాజ్యాంగమున లేదు. ఉండదగునని మా అభిప్రాయము.

ఈ లోపమెంతటిదో ఒక ఊరిని చూచినచో తెలియును. చిట్యాలను గైకొందము. 1956 వఱకు అది హైదరాబాదు రాష్ట్రమున నుండెను, అటుపిమ్మట ఆంధ్రప్రదేశమున, 2014 నుండి తెలంగాణమున. 2016 అక్టోబరు 11 వఱకు వరంగల్లు జిల్లాలో. ఆ దినమునుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో. ఊరు కదలలేదు, ఎల్లలే దాని మీదుగ కదలినవి. అచ్చట నిజాము కాలమున పుట్టిన వృద్ధు డెవడేనియున్నచో ఇల్లు విడువకయే ఇన్ని ప్రభుత్వములను చూచినవాడు. ఇన్నింటిలోను ‘ఇది నీకు సమ్మతమా?’ యని ఆ యూరివారిని ఓటు పెట్టి అడిగిన దినము ఒక్కటియు లేదు. ఎన్నికలలో వారు చెప్పలేదా యందురు. ఎన్నికలో నూఱు ప్రశ్నలకు ఒక్క ఓటు. నీటికి, పింఛనుకు, కులమునకు, అభ్యర్థి ముఖమునకు, రాష్ట్రమునకు అన్నిటికిని కలిపి ఒక్కటే గుర్తు. దానినుండి ఒక్క ప్రశ్నకు జవాబు తీయుట వడ్లు కొలిచి నూనె ధర చెప్పుట వంటిది.

జిల్లాల విభాగమున నయము కనబడినదనవలెను. జిల్లాల ఏర్పాటు చట్టము ప్రకారము ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరములను కోరవలెను. 2016 ఆగష్టులో అట్లు ప్రకటించిన ముసాయిదాలో జనగామ జిల్లా లేదు. జనగామవారు ఆందోళనము చేసిరి. తుది ప్రకటనలో జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాదులు చేర్చబడి జిల్లాలు ముప్పదియొకటియైనవి. పాత వరంగల్లు జిల్లా ఐదు జిల్లాలకు తల్లియైనది. భూపాలపల్లినుండి ములుగు 2019లో మఱల వేఱైనది. అనగా అడుగు నియమమున్నచోట, అసంపూర్ణముగనైనను, వినబడుట సంభవించినది. కాని అలజడి చేయగలిగినవారి మాటయే వినబడినదను కొఱత అందును కలదు. రాస్తారోకో చేయుటకు శక్తిలేని చిన్న ఊరి కోరికను ఎవరు లెక్కించిరి?

అట్టివారిలో కడపటివారిని గూర్చి చెప్పి ముగింతము. ఇరుప్రాంతములవారును సమ్మతి, ఆత్మగౌరవములను గూర్చి ఘోషించుచున్న ఆ 2014లోనే, తెలంగాణము పుట్టుటకు కొలదిదినములు ముందు, మే నెల చివర, పోలవరము ప్రాజెక్టు ముంపునకు సంబంధించి ఖమ్మము జిల్లాలోని మండలములను ఆంధ్రప్రదేశమునకు చేర్చుచు ఆర్డినెన్సు వెలువడినది. జూలైలో పార్లమెంటు దానిని చట్టము చేసినది. కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము, కుక్కునూరు, వేలేరుపాడులును, భద్రాచలము పట్టణము తప్ప ఆ మండలమును, బూర్గంపాడులో కొంతయు ఆవలికి పోయినవి. అచ్చటివారు పెక్కురు కోయలు, కొండరెడ్లు. తెలంగాణమువారు తమ భూమి పోయినదని వగచిరి. ఆంధ్రమువారు తమ ప్రాజెక్టు నిలిచినదని సంతసించిరి. మునుగబోవు ఊరివారిని ‘మీరెచ్చట నుందురు?’ అని ఓటు పెట్టి అడిగినవారు ఇరుపక్షములలోను లేరు. ఇదే మండలములు స్విట్జర్లండులోని గ్రామములైనచో ఒక్కొక్కదానిని వేఱువేఱుగ అడిగియుందురు. బలవంతులమైనప్పుడు సమ్మతి అనవసరమనియు, బలహీనులమైనప్పుడు సమ్మతి పవిత్రమనియు పలుకువాడు సమ్మతిని నమ్మినవాడు కాడు. తన గెలుపును నమ్మినవాడు.

కావున మన గోష్ఠులు ఏ దేశపు రాజ్యాంగము గొప్పదను పందెముతో ముగియగూడదు. పరదేశముల అనుభవము మనకు ఆజ్ఞ కాదు, అద్దము. అమెరికా అద్దమున కఠిననియమపు మిథ్యను చూచితిమి; ఆస్ట్రేలియా అద్దమున గీతలోని కపటమును చూచితిమి; బేడెను అద్దమున ఆలస్యమైనను అడుగుటలోని మేలును చూచితిమి. ఇక ముందు ఎక్కడనో ఒకచోట ఎల్ల మఱల కదలును, కదలకుండ నుండదు. ఆ దినమున చిట్యాల వంటి ఊరిని, చింతూరు వంటి మన్యమును, ముందుగనే అడుగు ప్రభుత్వము మనకు కావలెనన్నచో, ఆ కోరికను నేడే, మనకేమియు లాభనష్టములు లేనప్పుడే, ప్రకటించి యుంచుట మన విధి. తనకు పనిపడిన నాడు పలికిన ధర్మమును లోకము వ్యాజ్యెమని కొట్టివేయును; పనిపడని నాడు పలికిన ధర్మమునే తీర్పుగ గౌరవించును.